విషమునకు లొంగని ఈగ

మామిడిపండ్ల దినములు వచ్చినవనగానే ఇంటింట ఈగల బాధ మొదలగును. తొక్క పడిన చోట, పాలగిన్నె మూత తొలగిన చోట, పసిబిడ్డ నిద్రించు ఉయ్యాల చుట్టును అవి ముసరుచుండును. ఇల్లాలు విసనకర్రతో తోలి తోలి వేసారి, తుదకు అంగడినుండి మందు తెప్పించి చల్లించును. మొదటి యేడు నేలంతయు చచ్చిన ఈగలే. రెండవ యేడు అదే మందునకు కొన్ని చచ్చును, కొన్ని గిలగిల కొట్టుకొని మరల లేచిపోవును. మరి కొంతకాలమునకు, మందు చల్లిన గోడమీదనే తీరికగా కూర్చుండి కాళ్లు రాచుకొనుచుండును. అప్పుడు మనము అంగడివానిని నిందింతుము. మందు కల్తీది అందుము. ఒక్కొక్కప్పుడు అదియు నిజము కావచ్చును. కాని తరచుగా మారినది మందు కాదు, ఈగ.

ఈగ యెట్లు మారినది? ఆ మార్పునకు అది ఏమి వెల చెల్లించినది? ఆ వెలను ఎంతకాలము చెల్లించును? ఈ మూడు ప్రశ్నలను గురించి ఇచట ముచ్చటింపదలచినాము. వీనిలో మూడవది ముఖ్యమైనది. పురుగుమందు వాడు ప్రతివారికిని దానితో పని కలదు.

డి.డి.టి. అను రసాయనమును 1874లోనే తయారుచేసిరి గాని, అది పురుగులను చంపునను సంగతి 1939లో స్విట్జర్లాండు దేశీయుడగు పాల్ మ్యూలర్ కనుగొనువరకు లోకమునకు తెలియదు. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఈగకు, దోమకు, పేనుకు, నల్లికి అదియే బ్రహ్మాస్త్రమని జనులు తలచిరి. మన దేశమున 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైన పిదప మనుష్యులు పల్లెపల్లెకును వచ్చి ఇండ్లగోడలకు ఆ మందు చల్లిపోవుటయు, గోడలమీద తెల్లని మరకలు నిలుచుటయు పెద్దలు చెప్పగా విననివారు అరుదు. అయితే మ్యూలరునకు బహుమానము అందక ముందే, 1946, 1947 సంవత్సరముల నాటికే, స్వీడనులోను ఇటలీలోను డి.డి.టి.కి చావని ఇంటి ఈగలు కనబడినవి.

దీనిని చూచి, ఈగలు విషమునకు అలవాటు పడినవని సామాన్యముగా అందురు. నల్లమందు తినువానికి దినదినమును మోతాదు పెరిగినట్లు, ఈగకును విషము ఒంటబట్టినదని వారి భావము. ఇది పొరపాటు. ఏ యొక్క ఈగయు తన జీవితకాలమున విషముతో సాము చేసి గట్టిపడలేదు. లక్ష ఈగలలో ఏ ఒకటి రెండో పుట్టుకతోనే ఆ విషమునకు లొంగనివి ఉండును. మందు చల్లినప్పుడు తక్కినవన్నియు చచ్చును, ఇవి మిగులును. అడ్డులేని ఆ చోట వీని సంతానమే నిండును. మందు ఈగకు విద్య నేర్పలేదు, జల్లెడ పట్టినది. మనము ఎన్నిసార్లు చల్లుదుమో అన్నిసార్లు జల్లెడ పట్టినట్లే.

పుట్టుకతో వచ్చు ఆ లక్షణము జన్యువులయందుండును. తలిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించు శరీరనిర్మాణ సూచనలే జన్యువులు. ఒక్కొక్క సూచన ఒక్కొక్క మాంసకృత్తు ఎట్లు కట్టవలెనో తెలుపును. ఎప్పుడో ఒకప్పుడు సూచనలో ఒక అక్షరము తప్పిపోవును. తప్పులలో పెక్కు నిరుపయోగములు, కొన్ని హానికరములు. కాని కాలము కలసివచ్చినప్పుడు ఒక తప్పే ప్రాణము కాపాడును.

ఈ విషయమును మూలమంట శోధించుటకు శాస్త్రజ్ఞులకు ఎక్కువగా తోడ్పడినది మన ఇంటి ఈగ కాదు. ఆస్ట్రేలియా దేశమున గొర్రెలను పీడించు ఒక పచ్చని ఈగ. శాస్త్రమున దీని పేరు లూసిలియా కుప్రినా. రాగి, పచ్చ కలిసిన లోహపు మెరుపు దీని ఒంటిమీద ఉండును. ఇది మన దేశముననూ కలదు. ఆస్ట్రేలియాకు ఇది స్వదేశపు ఈగ కాదు. బయటినుండి వచ్చి చేరినదే.

మన గొల్లలు, కురుమలు గొర్రె పుండులో పురుగు పడుట ఎరుగుదురు. వేపనూనె రాయుటయు ఎరుగుదురు. అయితే మన నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని మిక్కిలి తక్కువ. ఆస్ట్రేలియాలో పెంచు మెరీనో గొర్రె అట్టిది కాదు. దాని చర్మము ముడుతలు పడి, సన్నని ఉన్నితో దట్టముగా కప్పబడి యుండును. వానకు తడిసియో, తోకక్రింద మూత్రముతో తడిసియో ఆ ఉన్ని కుళ్లువాసన పట్టినచో ఈగ వచ్చి అందు గుడ్లు పెట్టును. ఒక్కసారికి సుమారు రెండువందల గుడ్లు. ఒక దినములో గుడ్లు పగిలి డింభకములు, అనగా పిల్లపురుగులు, వెలువడి బ్రదికియున్న గొర్రె చర్మమునే తినసాగును. పుండు వాసనకు మరికొన్ని ఈగలు వచ్చును. కాపరి సకాలమున చూడనిచో గొర్రె కొన్ని దినములలో మరణించును. ఉన్నియే జీవనాధారముగా గల కుటుంబములకు ఇది ఎంతటి ఉపద్రవమో మనము ఊహింపవచ్చును. కావున అచటివారు మందులను ఆశ్రయించిరి.

1955లో డీల్డ్రిన్ అను మందు వాడుకలోనికి వచ్చినది. రెండేండ్లు తిరుగునప్పటికే దానికి లొంగని ఈగలు విస్తరించినవి. 1958 ప్రాంతమున దానిని గొర్రెలకు వాడుట మానివేసి, డయజినాన్ అను వేరొక మందు పట్టిరి. అది కొంతకాలము బాగుగా పనిచేసినది. 1965లో దానికిని లొంగని ఈగ కనబడినది. అటుపిమ్మట కొలది సంవత్సరములలో దేశమున గొర్రెలున్న చోట్లనెల్ల అట్టి ఈగలే అధికమైనవి.

ఈ రెండు మందులనుండియు ఈగ తప్పించుకొన్న విధములు వేరు. పురుగు నరములలో వేగమును అణచు ఏర్పాటు ఒకటి కలదు. బండికి బ్రేకు వంటిది. డీల్డ్రిన్ పోయి ఆ బ్రేకును పట్టివేయును. అడ్డులేని నరములు అతిగా చెలరేగి పురుగు చచ్చును. లొంగని ఈగలో ఆ బ్రేకును కట్టు జన్యువే మారియున్నది. విషము కూర్చుండవలసిన చోటు రూపు మారుటచే అది అచట కుదురుకొనజాలదు. అరటిపండ్లపై ముసరు డ్రోసోఫిలా అను చిన్న ఈగలోను సరిగా ఇట్టి మార్పునే శాస్త్రజ్ఞులు చూచిరి.

డయజినాన్ తీరు వేరు. నరమునుండి నరమునకు వార్త చేరిన వెంటనే ఆ వార్తాహరుని చెరిపివేయు ఎంజైము ఒకటి ఉండును. డయజినాన్ దానిని బంధించును. చెప్పిన వార్తయే మరల మరల మ్రోగుచుండగా పురుగు వణకి వణకి చచ్చును. లొంగని ఈగలో ఆ బంధింపబడు ఎంజైము మారలేదు. దానితో సంబంధము లేని వేరొక ఎంజైము మారినది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థయగు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. శాస్త్రజ్ఞులు 1997లో ఈ రహస్యమును ప్రకటించిరి. ఆ ఎంజైము అమినో ఆమ్లముల గొలుసు. అందు 137వ స్థానమున గ్లైసీన్ ఉండవలసినచోట ఆస్పార్టిక్ ఆమ్లము వచ్చి చేరినది. ఈ ఒక్క పూస మారుటచే ఆ ఎంజైము తన పాతపనిని కోల్పోయి, విషమును విరుగగొట్టు కొత్తపనిని సంపాదించినది. ఇంత పెద్ద దేశమున ఇన్ని మందలను కాపాడిన మందు ఒక్క పూస మార్పుతో ఓడిపోయినది.

అట్టి ఒక్క పూస మార్పే ఏల గెలిచినది? చిన్నచిన్న సాయములు చేయు పది జన్యువులు కూడి గెలువరాదా? ప్రయోగశాలలో అట్లే జరుగును. అచట కొన్ని ఈగలు మాత్రమే చచ్చునంత కొద్ది మోతాదు ఇచ్చి, మిగిలినవానిని పెంచుచు పోయినచో అనేక జన్యువులు కొద్దికొద్దిగా కూడి ఈగను గట్టిపరచును. కాని గొర్రెమీద పోయు మందు మామూలు ఈగలన్నిటిని చంపునంత గాఢముగా నుండును. అచట చిన్న సాయములు చాలవు. వరద కాలి మడమ లోతుననున్నచో పొట్టివానికంటె పొడగరికి కొంత మేలు. తాటిచెట్టు మునుగు వరదలో ఆ భేదము లెక్కకు రాదు. పడవ యున్నవాడే బ్రదుకును. ఈ జన్యువు అట్టి పడవ.

ఈ పడవలు మందు రాకమునుపే ఉండినవా? ఇందుకు సమాధానము సంగ్రహశాలల పెట్టెలలో దొరికినది. పూర్వపు శాస్త్రజ్ఞులు సూదులకు గుచ్చి దాచిన పచ్చఈగలనుండి జన్యుపదార్థమును తీసి పరిశీలించి, ఆ ఫలితములను 2006లో ప్రకటించిరి. ఆ ఈగలు 1950కి ముందువి. నాటికి డయజినాన్ జాతి మందులు ఆ దేశమున వాడుకలో లేవు. అయినను మాలథియాన్ అను మందును తట్టుకొను మార్పు ఆ పాత ఈగలలో కనబడినది. శత్రువు పుట్టకముందే కవచము పుట్టియున్నది! డయజినానును తట్టుకొను 137వ పూస మార్పు మాత్రము ఆ ఈగలలో కనబడలేదు.

కవచము అంత మేలైనదే యైనచో మందు రాకమునుపే అన్ని ఈగలకును ఏల లేదు? ఇది మన రెండవ ప్రశ్న. కవచమునకు బరువుండును. యుద్ధమున అది ప్రాణరక్షణము. శాంతికాలమున మోయువానికి శ్రమ. డీల్డ్రినుకు లొంగని ఈగల డింభకములు చలికాలమున నేలలో నిదురించి వసంతమున లేచుటలో మామూలు వానికి వెనుకబడినవి. డయజినానుకు లొంగని ఈగలును మొదటి సంవత్సరములలో ఇట్లే బలహీనములుగా నుండెను. మందు లేని పంజరములలో రెండు తెగలను కలిపి పెంచినప్పుడు లొంగనివాని పాలు తరతరమునకు తగ్గుచు వచ్చెను.

ఈ బరువును కంటికి కనబడునట్లు చూపిన పరిశోధన మిక్కిలి చమత్కారమైనది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ మెకెంజీయు, జెఫ్రీ క్లార్కును ఈగల తలమీదను రెక్కలమీదను ఉండు గట్టి రోమములను సూక్ష్మదర్శినితో లెక్కించిరి. ఎడమవైపు ఎన్ని, కుడివైపు ఎన్ని? ఇంతే వారి ప్రశ్న. ఇది వృథాశ్రమయని తోచవచ్చును. కాని ఆలోచింపుడు. ఈగ ఎడమభాగమును కట్టునవియు కుడిభాగమును కట్టునవియు ఆ జన్యువులే. రెండు భాగములును ఒకే తిండి తిని, ఒకే వేడిమిలో పెరిగినవి. కావున రెంటను రోమములు సమముగా నుండవలెను. సమముగా లేనిచో, శరీరము కట్టబడుచున్న వేళ పని కొంత తడబడినదని అర్థము. ఒకే మేస్త్రీ, ఒకే నమూనా చూచి, ఒకే ఇటుకతో రెండు అరుగులు కట్టి, ఒకటి మరొకదానికంటె పొడుగైనచో తప్పు నమూనాది కాదు. పని జరిగిన తీరుది.

లెక్క తేలినది. మామూలు ఈగలలో ఇరుప్రక్కల భేదము స్వల్పము. డీల్డ్రినుకు లొంగని ఈగలలో భేదము అధికము. విషమునుండి కాపాడిన జన్యువే శరీరపు కట్టడమును తడబరచినది. ఇట్టి తడబాటు గల ఈగలు పెరుగుటకు ఎక్కువ కాలము తీసికొనుటయు వారు గమనించిరి. ఇక 1980 దశాబ్దమున గొర్రెల పొలములనుండి పట్టి తెచ్చిన డయజినానుకు లొంగని ఈగలను లెక్కింపగా ఆశ్చర్యము కలిగెను. వీని ఎడమ కుడులు మామూలు ఈగలలో వలెనే సమముగా నున్నవి! బలహీనతయు లేదు. పూర్వము కనబడిన వెల ఏమైనది?

ఇదియే మన మూడవ ప్రశ్న. శాస్త్రజ్ఞులు లొంగని ఈగలను విషము తగలని మామూలు తెగతో అనేక తరములు కలిపి, నిరోధమునిచ్చు జన్యువును మాత్రము నిలిపి, తక్కిన జన్యువులనెల్ల మార్చివేసిరి. వెంటనే ఎడమ కుడుల భేదము తిరిగి వచ్చినది. బలహీనతయు తిరిగి వచ్చినది. అనగా నిరోధజన్యువు మెత్తబడలేదు. దానికి తోడుగా వేరొక జన్యువు వచ్చి, అది చేయు హానిని దిద్దుచున్నది. వెదకగా నిరోధజన్యువు నాలుగవ క్రోమోసోముమీదను, ఈ దిద్దుజన్యువు మూడవ క్రోమోసోముమీదను ఉండెను. రెండును వేరు వేరు చోట్లనున్నను, మందు ఆగక పడుచుండుటచే వానిని కలిపి మోసిన ఈగలే నెగ్గి, ఆ జంట దేశమంతటను నిలిచినది.

ఈ దిద్దుజన్యువు ఏది? ఫిలిప్ బాటర్‌హామ్, మెకెంజీ మొదలగువారు 1996లో ఒక జన్యువును చూపి, ఇదియే యగునని బలమైన అనుమానము వెలిబుచ్చిరి. అది డ్రోసోఫిలా ఈగలో నాచ్ అను పేర ప్రసిద్ధమైన జన్యువునకు సాటి. మోర్గాన్ పండితుని ప్రయోగశాలలో రెక్క అంచున గంటుపడిన ఈగలను చూచి ఆ పేరు పెట్టిరి. పెరుగుచున్న శరీరమున ప్రక్కప్రక్క కణములు ఒండొంటితో సంప్రదించుకొనుటకు ఈ జన్యువు సాధనము. ఒక కణము రోమముగా మారుటకు పూనుకొన్నప్పుడు, ఇరుగుపొరుగు కణములను ఆ పని మానుకొనుడని వారించును. వారింపు సరిగా అందినచో రోమములు తమ తమ తావులలో వరుసగా మొలచును. అందనిచో ఎక్కువ తక్కువలగును. రోమముల లెక్కకును ఈ జన్యువునకును గల సంబంధము ఇప్పుడు స్పష్టమగుచున్నది. ఈ నాచ్ జన్యువు మనుష్యునియందును కలదు. మన శరీరమును కట్టు పనిలోను ఇట్టి సంప్రదింపులు దానివలననే జరుగును. గొర్రెల మందులెక్కతో మొదలైన శోధన ప్రాణిశరీరము కట్టబడు రహస్యమువరకు మనలను తెచ్చినది.

ఇక వ్యవహారమునకు వత్తము. మందునకు లొంగని ఈగలు కనబడినప్పుడు, కొంతకాలము మందు మానినచో అవి బలహీనములై తగ్గిపోవును, పిదప ఆ మందునే మరల వాడుకొనవచ్చునని ఒక ఆశ కలదు. డీల్డ్రిన్ విషయమున ఆ ఆశ కొంత నిజమైనది. దానిని త్వరగా మానివేసిరి గనుక వెలను తీర్చు దిద్దుజన్యువు వచ్చి చేరుటకు వ్యవధి చాలలేదు. ఆ ఈగల ఎడమ కుడులు నేటికిని సరిపడలేదు. వాని సంఖ్యయు తగ్గిపోయినది. డయజినాన్ విషయమున ఆ ఆశ వమ్మైనది. లొంగనివి బయలుపడిన తరువాతను అనేక సంవత్సరములు దానినే వాడుచు పోయిరి. ఆ సంవత్సరములే ఈగకు గడువు. ఆ గడువులో అది తన అప్పు తీర్చుకొన్నది. అప్పు తీరిన పిమ్మట మందు మానినను కవచమును విడువవలసిన అగత్యము దానికి లేదు.

కావున మేము చెప్పదలచినది ఒక్క మాట. మందు ఓడిపోయినదని తెలిసిన పిదప దానినే మరింత పట్టుదలతో వాడుట, శత్రువునకు గాయము మానువరకు గడువిచ్చుట వంటిది. మానవలసినప్పుడు మానుట మందు వాడుటలోని సగము నేర్పు.

తక్కిన సగము మందుతో పనిలేకుండ చేసికొనుట. 1979 నుండి ఆస్ట్రేలియాలో సైరోమజీన్ అను మందు వాడుకలోనికి వచ్చినది. ఇది నరములను కొట్టదు. డింభకము పెరుగుదలను చెరచును. మూడు దశాబ్దములు ఇది చెప్పుకోదగిన ఎదురు లేక నడచినది. అయినను 2010 తరువాత దీనికిని, దీని దగ్గరి బంధువగు డైసైక్లానిల్‌కును తట్టుకొను ఈగలు బయలుదేరినవి. అందుచేత అచటి తెలిసిన పెంపకందార్లు మందునే నమ్ముకొనక, తోకచుట్టు ఉన్నిని వేళకు కత్తిరించి తడి నిలువకుండ చూతురు. ముడుతలు తక్కువగల గొర్రెలను ఏరి పెంచుదురు. ఒకే మందును ఏడేడు వాడక మార్చుచుందురు. తడి ఉన్ని లేనిచో ఈగకు ఊయల లేదు. కత్తెరకు ఎదురు నిలుచు జన్యువు ఏ ఈగకును లేదు.

మన ఇంటి ఈగకును ఇదియే న్యాయము. చెత్తబుట్టకు మూత, పెంటకుప్పకు దూరము, పాలగిన్నెకు పళ్లెము, కిటికీకి వల. ఇవి విషములు కావు గనుక వీనికి లొంగని ఈగలు పుట్టవు. వీనిని అమర్చిన పిదపను ఈగలు మిగిలినచో మందు సీసా అందుకొనవచ్చును. అప్పుడైనను, నిరుడు చల్లిన మందు ఈ యేడు పనిచేయలేదని తెలిసినచో, రెట్టింపు చల్లుటకు చేయెత్తక ముందు ఆ పచ్చని ఈగను ఒక్కసారి తలచుకొనుడు.